అమెరికా ల్యాబు బిల్లులు, మన ఇంటి పిల్లలు



ఓపీలో బి.పి. చూపించుకోవడానికి వచ్చే తల్లులు ఈ మధ్య నన్ను ఒక కొత్త ప్రశ్న అడుగుతున్నారు. "సిస్టరమ్మా, మా పాపకు మెడికల్ కోడింగులో ఉద్యోగం వచ్చింది. అది ఆసుపత్రి పనా, కంప్యూటరు పనా?" అని. మన సంఘంలోనూ ఇదే ప్రశ్న. పెండ్లి సంబంధాలు మాట్లాడే పెద్దలు "అమ్మాయి ఏదో అమెరికా బిల్లులు కొడుతుందట" అని చులకనగా అనడం కూడా విన్నాను. ముప్ఫై ఏళ్ళకు పైగా వార్డుల్లో తిరిగిన దానిగా నా అభిప్రాయం చెబుతాను. అది ఆసుపత్రి పనే. మందు ఇచ్చే సిస్టరుకు ఎంత బాధ్యత ఉందో ఆ బిల్లు రాసే బిడ్డకూ అంత బాధ్యత ఉంది. ఈ సంగతి ఇంట్లో వాళ్ళకు తెలియక, పిల్లలు ఆఫీసులో పడే ఒత్తిడిని ఇంట్లో చెప్పుకోలేకపోతున్నారు. మెడికల్ కోడింగులో చాలా శాఖలు ఉన్నాయి. నాకు బాగా అర్థమయ్యేది రక్త పరీక్షల సంగతి కాబట్టి ల్యాబు బిల్లుల గురించే రాస్తున్నాను.

అమెరికాలో ఒక పెద్దావిడకు నీరసంగా ఉంది అనుకోండి. డాక్టరు దగ్గరకు వెళ్ళింది. డాక్టరు చిట్టీ రాశాడు, నర్సు రక్తం తీసింది, ల్యాబులో సి.బి.సి. చేశారు, రిపోర్టు డాక్టరుకు వెళ్ళింది. మన దగ్గరైతే రక్తం తీయక ముందే కౌంటరులో డబ్బు కట్టించుకుని రసీదు ఇస్తాం. అక్కడ చాలా వరకు ఇన్సూరెన్సు వారు కట్టాలి. వృద్ధులకు మెడికేర్ అనే ప్రభుత్వ పథకం కడుతుంది. కాబట్టి ల్యాబు వారు ఆ ఇన్సూరెన్సుకు రెండు సంగతులు చెప్పాలి. ఏ పరీక్ష చేశాము? ఎందుకు చేశాము? ఈ రెంటినీ మాటల్లో రాస్తే ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాస్తారు కాబట్టి నంబర్లలో చెబుతారు. ఆ నంబర్లు వేయడమే కోడింగు. వాటితో డబ్బు అడగడం బిల్లింగు.

"ఏ పరీక్ష" అన్నదానికి అమెరికన్ మెడికల్ అసోసియేషన్ వారి సి.పి.టి. అనే పుస్తకం ఉంది. ఇది మొదట 1966లో వచ్చింది. తెల్లకణాల రకాలను విడివిడిగా లెక్కించే సి.బి.సి.కి 85025, మూడు నెలల సుగరు సగటు చెప్పే హెచ్.బి.ఎ.1.సి.కి 83036, కొలెస్టరాల్ పరీక్షలకు 80061. సూదితో నరం నుండి రక్తం తీసినందుకు కూడా వేరే నంబరు ఉంది, 36415. మా ల్యాబు టెక్నీషియన్లకు ఈ మాట చెబితే "అయితే మాకు రోజూ ఎంత రావాలో" అని నవ్వారు.

"ఎందుకు" అన్నదానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి జబ్బుల పట్టిక ఐ.సి.డి. ఆధారం. అమెరికా తన అవసరాలకు దానిని విస్తరించుకుంది. 2015 అక్టోబరు 1 నుండి అక్కడ పదవ పట్టిక అమలులోకి వచ్చింది. అంతకు ముందు సుమారు 14 వేలు ఉన్న జబ్బుల నంబర్లు దానితో 68 వేలకు పైబడ్డాయి. పెద్ద చిక్కులు లేని రెండవ రకం సుగరు జబ్బుకు ఇ11.9. ఇనుము తక్కువై వచ్చే రక్తహీనతకు డి50.9. ఏ జబ్బో ఇంకా తెలియని నీరసానికి ఆర్53.83. ఈ రెండు నంబర్లకూ పొత్తు కుదరాలి. సుగరు జబ్బుకు హెచ్.బి.ఎ.1.సి. అంటే ఇన్సూరెన్సు ఒప్పుకుంటుంది. మడమ బెణికినందుకు హెచ్.బి.ఎ.1.సి. అంటే బిల్లు తిరిగి వస్తుంది. సుగరు అదుపులో ఉన్న రోగికి మూడు నెలల లోపల రెండవసారి చేసినా మెడికేర్ సాధారణంగా డబ్బు ఇవ్వదు.

ఇదంతా ఇక్కడి వరకు ఎందుకు వచ్చిందని అడగవచ్చు. కారణం చిన్నది. ల్యాబు బిల్లు చాలా చిన్న బిల్లు. గుండె ఆపరేషను బిల్లు వేల డాలర్లలో ఉంటే, ఒక సి.బి.సి.కి ఇటీవలి సంవత్సరాలలో మెడికేర్ ఇచ్చేది 8 డాలర్లకు లోపే. కాని పెద్ద ల్యాబులో రోజుకు వేల వేల బిల్లులు. అందులో తిరిగి వచ్చిన ఒక్కదానిని పట్టుకుని అమెరికా గుమస్తా అరగంట కూర్చుంటే, ఆ గుమస్తా జీతానికే పరీక్ష డబ్బులు చాలవు. వదిలేద్దామంటే చిల్లరంతా కలిసి కోట్లవుతుంది. కాబట్టి తక్కువ జీతానికి చదువుకున్న మనిషి దొరికే చోటికి పనిని పంపారు.

హైదరాబాదుకు ఈ రకం పని కొత్త కాదు. 1990ల చివరలో డాక్టర్లు టేపులో చెప్పినది విని టైపు చేసే మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ వచ్చింది. 2000ల మొదటి సంవత్సరాలలో అపోలో హెల్త్ స్ట్రీట్ ఇక్కడ నుండే అమెరికా ఆసుపత్రుల బిల్లింగు పని చేసింది. తరువాత దానిని సదర్లాండ్ సంస్థ కొన్నది. 2015లో అమెరికా పట్టిక మారేసరికి కోడర్ల అవసరం పెరిగి, అమీర్‌పేటలో కంప్యూటరు కోర్సుల బోర్డుల పక్కనే కోడింగు బోర్డులు వెలిశాయి. మన పాతబస్తీ పిల్లలు బస్సులో ఎం.జి.బి.ఎస్. దాకా వెళ్ళి, అక్కడ మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి రాయదుర్గం చేరుతున్నారు. కోడు వేసేవారికి ఎక్కువగా పగటి డ్యూటీయే. ఇన్సూరెన్సు వారికి ఫోను చేసి "మా డబ్బు ఎందుకు ఆపారు" అని అడిగే పిల్లలకు మాత్రం రాత్రి డ్యూటీ, ఎందుకంటే వారికి పగలైతే మనకు రాత్రి. తల్లిదండ్రులు ఉద్యోగం ఏమిటని అడిగేటప్పుడు ఈ రెంటిలో ఏదో ముందే అడిగి తెలుసుకోవాలి.

ఇక అసలు విషయం. ఈ పనిలో బరువైన క్షణం ఒకటి ఉంది. ల్యాబు చిట్టీ తెర మీదకు వస్తుంది. పరీక్ష పేరు ఉంది. "ఎందుకు" అన్న గడి ఖాళీగా ఉంది. లేదా "నీరసం" అని మాత్రమే ఉంది, ఆ నంబరుతో ఈ పరీక్షకు డబ్బు రాదు. కోడరుకు బాగా తెలుసు, ఫలానా నంబరు వేస్తే వెంటనే డబ్బు వస్తుందని. పోయిన ఏడాది ఇదే రోగికి ఆ నంబరుతోనే వచ్చింది కూడా. ఇటు చూస్తే గంటకు ఇన్ని చిట్టీలు అని టార్గెట్ ఉంది. ఆ పిల్ల ఏం చేయాలి?

1998లో అమెరికా ఆరోగ్య శాఖ తనిఖీ విభాగం క్లినికల్ ల్యాబుల కోసం ఒక మార్గదర్శిని విడుదల చేసింది. ఈ ప్రశ్నకు జవాబు అందులో స్పష్టంగా ఉంది. డాక్టరు పాత తేదీన ఇచ్చిన జబ్బు పేరును తెచ్చి కొత్త బిల్లుకు పెట్టరాదు. ఇంతకు ముందు డబ్బు రాబట్టిన జబ్బు పేరును కల్పించి వేయరాదు. డాక్టరు చెప్పకుండా జబ్బు నంబరును తనంతట తానే వేసేలా కంప్యూటరును అమర్చరాదు. గడి ఖాళీగా ఉంటే చిట్టీ రాసిన డాక్టరునే అడగాలి.

ఊరికే ఈ కాగితం పుట్టలేదు. దానికి ముందు 1992లో నేషనల్ హెల్త్ ల్యాబరేటరీస్ అనే పెద్ద ల్యాబు సంస్థ నేరం ఒప్పుకుని 11 కోట్ల 10 లక్షల డాలర్లు కట్టింది. వారు చేసినది ఏమిటంటే, డాక్టర్లు మామూలుగా రాసే రక్త పరీక్షల ప్యాకేజీకి హెచ్.డి.ఎల్. కొలెస్టరాల్, ఫెర్రిటిన్ పరీక్షలను జోడించారు. డాక్టర్లకేమో ఇవి దాదాపు ఉచితమే అన్నట్టు చూపించారు. ప్రభుత్వానికేమో విడివిడిగా బిల్లు వేశారు. డాక్టరుకు తెలియదు, రోగికి తెలియదు. 1997లో స్మిత్‌క్లైన్ బీచమ్ వారి ల్యాబులు ఇలాంటి ఆరోపణల మీద 32 కోట్ల 50 లక్షల డాలర్లకు రాజీ పడ్డాయి. ఎవరో ఒక్కరు లంచం తిని చేసిన పనులు కావు ఇవి. బల్లల దగ్గర కూర్చుని నంబర్లు వేసినవారు కూడా ఎందరో ఉండి ఉంటారు. "మా పై వారు చెప్పారు, మేము వేశాము" అన్నదే వారి మాట అయి ఉంటుంది.

మా నర్సింగు స్కూలులో చదివి ఇప్పుడు ఇలాంటి కంపెనీలో పని చేస్తున్న ఒక అమ్మాయి క్రిస్మస్‌కు ఇంటికి వచ్చినప్పుడు ఒక సంగతి చెప్పింది. చిట్టీలో "నీరసం" అని ఉంది. రిపోర్టులో హీమోగ్లోబిన్ 7. పక్క సీటు అబ్బాయి "రక్తహీనత అని కళ్ళకు కనిపిస్తుంటే నీరసం ఎందుకు వేస్తావు, డి50.9 వేయి" అన్నాడట. ఈ అమ్మాయి వేయలేదు. "మేడం, వార్డులో మీరు చెప్పిందే గుర్తొచ్చింది" అన్నది. నేను చెప్పినది పెద్ద మాటేమీ కాదు. హీమోగ్లోబిన్ 7 చూసిన సిస్టరు పరుగెత్తి డాక్టరుకు చెప్పాలి. కేస్ షీటులో జబ్బు పేరు మాత్రం తాను రాయకూడదు. అమెరికా నిబంధన కూడా ఇదే. డాక్టరు చూసి తేల్చి చెప్పని రక్త పరీక్ష అంకెల నుండి కోడరు తానే జబ్బును తీర్మానించరాదు. ఏడు ఉన్నంత మాత్రాన అది ఇనుము లోపమో, లోపల ఎక్కడైనా రక్తం పోతోందో, పుట్టుకతో వచ్చిన తలసేమియా లక్షణమో ఆ అంకె చెప్పదు. ఆ తప్పుడు నంబరు బిల్లుతో పోదు. ఆ పెద్దావిడ రికార్డులో ఉండిపోతుంది. రేపు ఇంకొక డాక్టరు దానిని చూసి ఇనుము మాత్రలు రాసి పంపిస్తే, పేగులో పుండు అలాగే ఉండిపోతుంది. చిన్న డబ్బుకు వేసిన చిన్న నంబరే అది.

అందుకే తల్లిదండ్రులకు నేను చెప్పేది, సాయంత్రం పిల్ల ఇంటికి వచ్చి "ఈ రోజు టార్గెట్ కాలేదు" అంటే వెంటనే "ఎందుకు కాలేదు, అందరికీ అయింది కదా" అనకండి. డాక్టరును అడగాలని పక్కన పెట్టిన చిట్టీలు ఉండవచ్చు. చాలా కంపెనీలలో నూటికి 95 సరిగా ఉండాలన్న లెక్క కూడా ఉంటుంది. మంచి కంపెనీలో చిట్టీని "సమాచారం చాలదు" అని పక్కన పెట్టడానికి ఒక మార్గం ఉంటుంది, ఆ పిల్లను తిట్టరు. ఎక్కడైనా తప్పు నంబరు వేయమని నోటితో చెబితే, కాగితం మీద గాని మెయిలులో గాని రాసి ఇవ్వమని మర్యాదగా అడగమనండి. చాలా సార్లు అక్కడితో ఆ మాట ఆగిపోతుంది. ఆగకపోతే ఆ ఉద్యోగం మానిపించి ఇంట్లో రెండు నెలలు కూర్చోబెట్టే ధైర్యం మనకు ఉండాలి. అప్పు చేసి కోచింగు ఫీజు కట్టిన ఇంట్లో ఇది సులువు కాదని నాకు తెలుసు. అందుకే ఫీజు సంగతి కూడా ఒక మాట చెబుతాను.

సి.పి.సి. అనే పరీక్షను అమెరికాలో ఎ.ఎ.పి.సి. అనే సంస్థ నడుపుతుంది. 100 ప్రశ్నలు, 4 గంటలు, 70 శాతం రావాలి. కోడు పుస్తకాలు చూసి రాయవచ్చు, కాబట్టి బట్టీ పట్టి గట్టెక్కే పరీక్ష కాదు. కొత్తగా పాసైన వారి సర్టిఫికెట్ మీద అనుభవం వచ్చే వరకు "అప్రెంటిస్" అన్న గుర్తు ఉంటుంది. ఈ పరీక్ష లేకుండానే కొత్త వారిని తీసుకుని నేర్పించే కంపెనీలూ ఉన్నాయి. కాబట్టి "మా దగ్గర చేరితే ఉద్యోగం గ్యారంటీ, ముందు డబ్బు కట్టండి" అనే మధ్యవర్తిని నమ్మవద్దు. ఉద్యోగం ఇచ్చేవాడు జీతం ఇస్తాడు గాని డబ్బు అడగడు. చదువు విషయంలో మాత్రం నా అభిప్రాయం గట్టిదే. శరీర నిర్మాణం, జబ్బుల లక్షణాలు, ల్యాబులో ఏది దేనికి చేస్తారు, ఇవి తెలియకుండా మూడు నెలల్లో నంబర్లు నేర్చినవారు ఎక్కువ కాలం నిలవరు. ఇప్పుడు కంప్యూటరు ప్రోగ్రాములు వాటంతటవే కోడు వేస్తున్నాయి. ల్యాబు, ఎక్స్‌రే వంటి ఒకే మూసలో ఉండే బిల్లులే ముందుగా యంత్రానికి అప్పజెప్పుతున్నారు. యంత్రం ఆగిపోయిన చోట, చిట్టీ ఒకటి చెప్పి రిపోర్టు ఇంకొకటి చెప్పిన చోట మనిషి కావాలి. ఆ మనిషికి జబ్బు తెలియాలి.

ఇక్కడ నా బాధ కూడా కొంచెం చెప్పుకుంటాను. మూడేళ్ళు జి.ఎన్.ఎం. నేర్పి, ఐ.సి.యు.లో నిలబెట్టిన సిస్టర్లు ఆ కంపెనీలకు వెళ్ళిపోతున్నారు. ల్యాబు టెక్నీషియన్లూ అంతే. మేము ఇచ్చే జీతానికి, వారు ఇచ్చే జీతానికి పోలిక లేదు. నడుము నొప్పి లేదు, మూత్రపు సంచి మార్చే పని లేదు, రోగి బంధువుల అరుపులు లేవు, ఆదివారం సెలవు. నేను వారిని తప్పు పట్టను. ఇద్దరు చెల్లెళ్ళ పెండ్లి చేయాల్సిన పిల్లను "సేవ" అనే మాటతో కట్టి ఉంచడం న్యాయం కాదు. కాని నైటు డ్యూటీలో ముప్ఫై మంది రోగులకు ఒక్క సిస్టరు మిగిలినప్పుడు, ఒహాయోలో ఉన్న రోగి బిల్లు సరిగా ఉందని నాకేమి సంతోషం? జీతాలు పెంచకుండా ఈ సమస్యకు మందు లేదు. ఈ మాట మన ఆసుపత్రి కమిటీ పెద్దలు కూడా చదువుతారని తెలిసే రాస్తున్నాను.

గోప్యత గురించి మాట్లాడకుండా ఈ విషయం పూర్తి కాదు. అమెరికాలో 1996 నాటి హిపా చట్టం ప్రకారం రోగి సమాచారం చూసే ప్రతి సంస్థ దానిని కాపాడాలి. పని ఇంకొకరికి ఇచ్చినా ల్యాబు బాధ్యత పోదు, పని తీసుకున్న వారికీ బాధ్యత వస్తుంది. అయినా గొలుసు పొడుగైతే ఏమవుతుందో 2019లో బయటపడింది. క్వెస్ట్ డయాగ్నస్టిక్స్ అమెరికాలో అతి పెద్ద ల్యాబులలో ఒకటి. వారు 2016లో తమ బిల్లింగు పనిని ఆప్టమ్360 అనే సంస్థకు ఇచ్చారు. ఆ సంస్థ బాకీల వసూలును అమెరికన్ మెడికల్ కలెక్షన్ ఏజెన్సీకి ఇచ్చింది. ఆ ఏజెన్సీ కంప్యూటర్లలో 2018 ఆగస్టు నుండి 2019 మార్చి వరకు దొంగలు తిరిగారు. క్వెస్ట్ రోగులు సుమారు 1 కోటి 19 లక్షల మంది, ఇంకొక పెద్ద ల్యాబు ల్యాబ్‌కార్ప్ రోగులు సుమారు 77 లక్షల మంది. పేర్లు, పుట్టిన తేదీలు, కొందరివి బ్యాంకు కార్డు వివరాలు ప్రమాదంలో పడ్డాయి. 2019 జూనులో ఆ ఏజెన్సీ సంస్థ దివాలా పిటిషను వేసింది. ఆలోచించండి, ఆ రోగులు రక్తం ఇచ్చినది ల్యాబుకు. ఆ ఏజెన్సీ పేరు వారిలో ఎందరికి తెలుసు? అది జరిగినది అమెరికా కంపెనీలోనే, మన దేశంలో కాదు. అయినా అలాంటి వార్త రాగానే "విదేశాలకు పంపవద్దు" అనే గొంతులు లేస్తాయి. పేదల వైద్య పథకం సమాచారాన్ని దేశం దాటనివ్వని రాష్ట్రాలు కొన్ని అక్కడ ఇప్పటికే ఉన్నాయి. మన పిల్లల ఉద్యోగం ఈ నమ్మకం మీదే నిలబడి ఉంది.

ఆ నమ్మకం ఇప్పుడు మన ఇండ్లలోకి కూడా వచ్చింది. 2020లో కోవిడ్ వచ్చినప్పటి నుండి చాలా మంది ఇంటి నుండే పని చేస్తున్నారు. మన శాలిబండ, మొగల్‌పురా సందుల్లో రెండు గదుల ఇంట్లో ఆరుగురు ఉంటాం. పిల్ల లాప్‌టాప్ ముందు కూర్చుంటే వెనుక తమ్ముడు, పక్కన అత్తమ్మ, కిటికీలోంచి పొరుగింటి పిల్లలు. తెర మీద ఒక మనిషి పేరు, ఆమెకు వచ్చిన జబ్బు ఉంటాయి. "ఎవరికి తెలుస్తుందిలే, ఎక్కడో అమెరికా మనిషి" అనుకోకూడదు. వార్డులో చూసినది వార్డులోనే ఉండాలని మొదటి సంవత్సరం నర్సింగు పిల్లలకు నేర్పుతాం. ఆ కుర్చీ ఇప్పుడు వార్డు అయింది. గోడ వైపు తెర తిప్పి కాదు, తన వీపు గోడకు ఆనించి తెర ఎవరికీ కనబడకుండా కూర్చోమనండి. ఇంట్లో వారు ఆ సమయంలో అటు వైపు వెళ్ళకుండా ఉండటం కూడా ఆ ఉద్యోగంలో భాగమే. ఫోనుతో తెర ఫోటో తీసి స్నేహితులకు పంపితే ఉద్యోగం ఒక్కటే పోదు.

ఇంత జాగ్రత్త ఫలక్‌నుమా రోగికి ఎవరు చేస్తున్నారు? ఇదే నన్ను ఎక్కువగా బాధిస్తున్న ప్రశ్న. హైటెక్ సిటీలో మన పిల్ల ఒక అమెరికా రోగి పేరు బయటకు పొక్కకుండా తలుపులకు తాళాలున్న హాలులో, ఫోను బయట లాకరులో పెట్టి పని చేస్తుంది. ఇక్కడ ఎన్నో ల్యాబు కౌంటర్లలో "ప్రెగ్నెన్సీ టెస్టు ఎవరిదమ్మా" అని హాలంతా వినబడేలా పిలుస్తారు. రిపోర్టులు ట్రేలో వేసి పెడితే ఎవరిదో ఎవరో వెతుక్కుని తీసుకుపోతారు. హెచ్.ఐ.వి. గురించి 2017లోనే మన దేశంలో చట్టం వచ్చింది, రోగి అనుమతి లేకుండా ఆ విషయం బయట పెట్టరాదు. 2023లో వ్యక్తుల డిజిటల్ సమాచార రక్షణ చట్టం కూడా వచ్చింది. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో కేంద్ర ల్యాబుతో 2018లో మొదలైన తెలంగాణ డయాగ్నస్టిక్స్ మంచి పని చేసింది. బస్తీలో శాంపిల్ తీసి బార్‌కోడు అంటించి పంపితే ఉచితంగా పరీక్ష చేసి ఫోనుకు సమాచారం పంపే ఏర్పాటు పెట్టింది. కాని ఆ ఫోను ఎవరిది? మన దగ్గర చాలా మంది ఆడవాళ్ళు భర్త నంబరో కొడుకు నంబరో చెబుతారు. కోడలి పరీక్ష ఫలితం మామగారు ముందు చదివిన ఇంట్లో ఏం జరుగుతుందో మాకు తెలుసు.

మన ల్యాబు బిల్లింగును కూడా బయటి కంపెనీకి ఇస్తే ఖర్చు తగ్గుతుందని అప్పుడప్పుడు సలహాలు వస్తుంటాయి. ఇన్సూరెన్సు కాగితాలు, ఆరోగ్యశ్రీ క్లెయిములు పెరిగిన కొద్దీ ఆ సలహా బలపడుతుంది. లెక్కల పని, క్లెయిము పంపే పని ఇవ్వవచ్చు, దానికి నేను అడ్డు చెప్పను. కాని కౌంటరు ముందు నిలబడిన ఖాలా "బేటా, ఈ నాలుగు వందలు దేనికి?" అని అడిగితే ఉర్దూలోనో తెలుగులోనో జవాబు చెప్పే మనిషి ఇక్కడే ఉండాలి. "కంపెనీకి ఫోను చేయండి" అని నంబరు చేతిలో పెట్టి పంపడానికి నేను ఒప్పుకోను. బిల్లు తప్పైతే ఆసుపత్రే దిద్దాలి, కంపెనీ మీదకు నెట్టకూడదు. ఆరోగ్యశ్రీలో చేరిన రోగికి ప్యాకేజీలోనే పరీక్షలు ఉంటాయి. దానికి వేరుగా డబ్బు అడిగితే ఎవరిని అడగాలో రోగికి తెలిసి ఉండాలి. ఆ రోగి ఎదురుగా ఒక ముఖం ఉండాలి.

ఇంకొకటి. "ఎందుకు" అన్న గడి మన చిట్టీల మీద కూడా ఉంది. అది ఎక్కువగా ఖాళీగానే వస్తుంది. డాక్టరుగారికి యాభై మంది ఓపీ ఉంటుంది, తెలుసు. కాని "సుగరు ఉంది, మందు వాడుతున్నారు" అన్న రెండు మాటలు రాస్తే ల్యాబులో వచ్చిన అంకె వింతగా ఉన్నప్పుడు టెక్నీషియను శాంపిల్ మళ్ళీ చూస్తాడు. అనవసరంగా రెండవసారి చేసే పరీక్షలు తగ్గుతాయి, ఆ డబ్బు మీది. అమెరికా ఇన్సూరెన్సు బలవంతం మీద అక్కడ నింపుతున్న గడిని ఇక్కడ మనం రోగి మేలు కోసమే నింపవచ్చు.

మీరు వచ్చేసారి మన ల్యాబుకు వచ్చినప్పుడు సూది గుచ్చించుకోక ముందు చిట్టీ మీద ఆ గడి చూడండి. ఖాళీగా ఉంటే ఓపీ సిస్టరు దగ్గరకు వెనుకకు వెళ్ళండి, తాను డాక్టరుగారితో రాయించి ఇస్తుంది, విసుక్కోవద్దని మా సిస్టర్లకు చెప్పి ఉంచాను. పాత రిపోర్టులు వెంట తెచ్చుకోండి. ఫోను నంబరు అడిగితే మీ చేతిలో ఉండే ఫోను నంబరే చెప్పండి. సొంత ఫోను లేని అక్కలు, ఖాలాలు "నేనే వచ్చి తీసుకుంటాను" అని చిట్టీ మీద రాయించుకోండి. ఆ రిపోర్టును మూసిన కవరులో పెట్టి మీ చేతికే ఇస్తారు.